పాత పు-ఎర్ టీ: కొనే ముందు పరీక్ష నుంచి ఇంట్లో నిల్వ దాకా

పాత చైనా టీ గురించి నన్ను అడిగేవారిలో ఎక్కువమంది ముందుగా పంపేది కవరు ఫొటో. దాని మీద ఒక సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. "ఇది నిజంగా ఇరవై ఏళ్ళ నాటిదేనా, ఇంత ధర పెట్టవచ్చా" అన్నది ప్రశ్న. కవరు చూసి ఆ మాట చెప్పడం ఎవరివల్లా కాదు. కాగితాన్ని నిన్న కూడా అచ్చువేయవచ్చు. ఆకు ఎన్నేళ్ళు, ఎలాంటి గదిలో గడిపిందన్న సంగతి ఆకును అడిగే తెలుసుకోవాలి. ఎలా అడగాలో, అడిగి కొన్నదాన్ని మన వాతావరణంలో చెడిపోకుండా ఎలా దాచాలో, ఏ క్రమంలో కాచుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

సేకర్తలు ఎక్కువగా దాచేదీ, కొనేవారు ఎక్కువగా మోసపోయేదీ యునాన్ ప్రావిన్స్‌కు చెందిన పు-ఎర్ టీ విషయంలోనే కాబట్టి ఈ మార్గదర్శి దానికే పరిమితం.

## 1. ముందుగా తేల్చుకోవలసినది: ముడిదా, మగ్గబెట్టినదా

షిషువాంగ్‌బన్నా, పు-ఎర్, లిన్‌చాంగ్ ప్రాంతాల్లో పెరిగే పెద్దాకు తేయాకుతో ఈ టీ చేస్తారు. వృక్షజాతి రీత్యా ఇది మన అస్సాం రకమే. కోసిన ఆకును పెనం మీద వేడిచేసి, నలిపి, ఎండలో ఆరబెడితే వచ్చే ముడిసరుకును మావోచా అంటారు. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

మావోచాను ఆవిరి పట్టి నేరుగా బిళ్ళగా నొక్కితే అది షెంగ్, అంటే ముడి పు-ఎర్. కొత్తలో దీని రసం లేత పసుపు రంగులో ఉంటుంది. చేదు, వగరు రెండూ గట్టిగా తెలుస్తాయి. గాలి, తేమ, వెచ్చదనం, ఆకు మీది సూక్ష్మజీవులు కలిసి ఏళ్ళ తరబడి పనిచేస్తే ఆ రసం నారింజ మీదుగా ఎరుపులోకి తిరుగుతుంది, వగరు తగ్గుతుంది. "పాత టీ" అని జనం వెంటపడేది ప్రధానంగా దీనికోసమే.

మావోచాను రాశిగా పోసి, నీళ్ళు చల్లి, గుడ్డ కప్పి, మధ్యమధ్య తిరగవేస్తూ కొన్ని వారాలపాటు మగ్గబెట్టాక నొక్కితే అది షౌ. ఈ పద్ధతి 1973లో కున్‌మింగ్ టీ కర్మాగారంలో రూపుదిద్దుకుంది. షౌ బిళ్ళ పుట్టిన రోజునే నల్లగా ఉంటుంది, రసం కూడా మొదటి రోజు నుంచే ముదురు ఎరుపు.

అందువల్ల "నల్లగా ఉంది కనుక పాతది" అన్న లెక్క మొదట్లోనే తప్పుతుంది. ముప్పై ఏళ్ళ షెంగ్ అని చెప్పి నిరుటి షౌను అంటగట్టడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే సులువైన మోసం.

లియు బావో, ఫుడింగ్ తెల్ల టీ, ఇటుకలా నొక్కే హునాన్ ఫు ఇటుక అనే ఇతర చైనా టీలు కూడా పాతబడేకొద్దీ మారేవే; కింద చెప్పే నిల్వ సూత్రాలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి. గ్రీన్ టీ మాత్రం పాతబడితే పాచిపోవడమే తప్ప మరేమీ కాదు.

కొనే ముందు మీకు మీరు చెప్పుకోవలసిన జవాబులు:

- ఇప్పుడే తాగాలా? అయితే షౌ, లేదా పదేళ్ళు దాటిన షెంగ్ చూడండి.
- దాచి, మారుతుంటే చూడాలా? అయితే మూడు నుంచి ఎనిమిదేళ్ళ షెంగ్ చూడండి.
- పెట్టుబడిగానా? ఈ మార్గదర్శి మీకు పనికిరాదు. 2007లో పు-ఎర్ ధరలు ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు గోదాముల నిండా సరుకు పట్టుకుని మిగిలిపోయినవారి మార్గం నేను చూపలేను.

## 2. సామగ్రి

- 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం
- 100 నుంచి 120 మిల్లీలీటర్ల గైవాన్, అంటే మూత, సాసరు ఉన్న పింగాణీ గిన్నె
- రసం వంచుకోవడానికి ఒక గాజు పాత్ర, జల్లెడ
- టీ సూది: బిళ్ళను విడదీసే సన్నని ఉక్కు మొన
- తేమ, ఉష్ణోగ్రత రెండూ చూపే డిజిటల్ మీటర్లు రెండు
- ఒక నోటుపుస్తకం

ఎర్రమట్టి యిషింగ్ కూజా ఇప్పుడే కొనవద్దు. మట్టి కూజా రుచిని కొద్దిగా మెత్తబరుస్తుంది. నాణ్యత పరీక్షించే దశలో మనకు కావలసింది ఏదీ దాచిపెట్టని తెల్ల పింగాణీ.

## 3. బిళ్ళ కాదు, ముందు నమూనా

ప్రామాణికమైన బిళ్ళ బరువు 357 గ్రాములు. ఒకసారి కాచుకోవడానికి 7 గ్రాములు వాడితే ఒక బిళ్ళ 51 సార్లు వస్తుంది. ఏడు బిళ్ళలను వెదురు పొరలో చుట్టిన కట్టను టోంగ్ అంటారు. టోంగ్ కొంటే దాదాపు ఏడాదిపాటు రోజూ అదే టీ. నచ్చని టీ ఏడాది పొడుగునా తాగవలసి వస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

కనుక 20 నుంచి 25 గ్రాముల నమూనాలతో మొదలుపెట్టండి. విదేశాల నుంచి ఒక్కో నమూనా విడిగా తెప్పిస్తే రవాణా ఖర్చు, దిగుమతి సుంకం కలిసి టీ ధరను మించిపోతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుని పంచుకోవడం మేలు. సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ.

మొదటి ఆరు నమూనాలు ఇలా ఉంటే పోలిక తెలుస్తుంది:

1. ఒకటి రెండేళ్ళ షెంగ్
2. ఎనిమిది నుంచి పదేళ్ళ షెంగ్, కున్‌మింగ్ వంటి పొడి ఊరిలో నిల్వ ఉన్నది
3. దాదాపు అదే వయసు షెంగ్, గ్వాంగ్‌డాంగ్ లేదా మలేసియా వంటి తేమ ప్రాంతంలో నిల్వ ఉన్నది
4. పదిహేనేళ్ళు దాటిన షెంగ్
5. రెండేళ్ళ షౌ
6. పదేళ్ళ షౌ

రెండు, మూడు నమూనాలను పక్కపక్కన కాచి చూడటమే ఈ జాబితాలో అసలు పాఠం. ఒకే వయసు టీ ఒకచోట ఇంకా లేతగా, పూల వాసనతో ఉంటుంది. మరొకచోట అప్పటికే ముదిరి, చెక్క వాసనలోకి దిగి ఉంటుంది. కవరు మీది సంవత్సరానికి నేను ఎందుకు పెద్దగా విలువ ఇవ్వనో అప్పుడు మీకే తెలుస్తుంది. గది చేసే పనిని క్యాలెండర్ చేయదు.

## 4. కవరు చదవడం

కవరు సాక్ష్యం కాదన్నాను; అయినా చదవడం రావాలి, ఎందుకంటే అబద్ధాలు తరచుగా అక్కడే దొరికిపోతాయి.

అంకెలు. పెద్ద కర్మాగారాల బిళ్ళల మీద 7542, 7572 వంటి నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు ఆ మిశ్రమాన్ని రూపొందించిన సంవత్సరం, మూడవది ఆకు శ్రేణి, నాలుగవది కర్మాగారం: 1 కున్‌మింగ్, 2 మెంగ్‌హై, 3 షియాగ్వాన్, 4 పు-ఎర్. అంటే 7542 అన్నది 1975 నాటి మిశ్రమ సూత్రం మాత్రమే. ఆ బిళ్ళ నిరుడు కూడా తయారై ఉండవచ్చు. "75 అని ఉంది, చూడండి, 1975 సరుకు" అని ఎవరైనా చెబితే, వారికి తెలియదని గానీ, మీకు తెలియదని వారు అనుకుంటున్నారని గానీ అర్థం.

బ్యాచ్ సంఖ్య. మెంగ్‌హై కర్మాగారపు దాయి బ్రాండు బిళ్ళల మీద అదనంగా 1801 వంటి సంఖ్య ఉంటుంది: 2018లో మొదటి బ్యాచ్ అని దాని అర్థం. 501 అంటే 2005లో మొదటి బ్యాచ్.

లోపలి కాగితాలు. నొక్కేటప్పుడే ఆకుల్లో కూరుకుపోయేలా పెట్టే చిన్న చీటీని నెయ్ ఫెయ్ అంటారు. కవరుకూ బిళ్ళకూ మధ్య వదులుగా ఉండే పెద్ద కాగితం నెయ్ పియావ్. నెయ్ ఫెయ్ ఆకుల్లో దిగకుండా పైన అంటించినట్టు ఉంటే అనుమానించండి.

మరకలు. చాలా ఏళ్ళు గడిచిన కాగితం మీద ఆకు తాకిన చోట గోధుమరంగు మరకలు అక్కడక్కడ పడతాయి, పురుగులు కొరికిన చిల్లులూ ఉండవచ్చు. టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితానికి అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు వస్తుంది.

ఊరి పేరు. లావో బాన్‌జాంగ్ వంటి ఒక పల్లె పేరు కవరు మీద కనబడగానే ధర కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ పేరుతో చవకగా దొరికేదేదైనా ఆ ఊరిది కాదనుకుని ముందుకు సాగితే నష్టం ఉండదు.

## 5. పొడి ఆకును పరిశీలించడం

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చేయండి. ఆ రోజు వంటింట్లో తాలింపు వేయకముందే చేయండి.

ముందు కళ్ళతో చూడండి. బిళ్ళ ముందు, వెనుక, విరిచిన లోపలి భాగం మూడింటినీ పోల్చండి. మెల్లగా పాతబడిన షెంగ్‌లో మూడుచోట్లా రంగు ఇంచుమించు ఒకే వరుసలో ఉంటుంది, మొగ్గలు బంగారు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. పైన బాగా నలుపు, లోపల ఇంకా పచ్చదనం ఉంటే తేమగదిలో ఆదరాబాదరాగా మగ్గించారని అనుమానించాలి.

తరువాత వాసన చూడండి. ముక్కను అరచేతుల మధ్య ఉంచి, నోటి ఆవిరి ఒకసారి పట్టి, వెంటనే ముక్కు దగ్గరకు తెచ్చుకోండి.

మంచి సూచనలు:

- ఎండు ఖర్జూరం, పాత పుస్తకం, గంధపు చెక్క, పచ్చకర్పూరం ఛాయలు
- పొడి మట్టి వాసన, అదీ పలచగా

ఆగి ఆలోచించవలసినవి:

- వానకు తడిసిన గోనెసంచి వాసన. హాంకాంగ్ పద్ధతి తేమ గోదాముల్లో ఉండి వచ్చిన టీలో ఇది కొద్దిగా ఉంటుంది. గాలికి పెడితే తగ్గవచ్చు.
- చేపల బజారు వాసన. ఈమధ్యే చేసిన షౌలో ఉంటుంది, ఏడాది రెండేళ్ళకు పోతుంది.

తిప్పి పంపవలసినవి:

- పులిసిన వాసన
- పీల్చగానే తుమ్ము, గొంతులో గీర
- ఆకుపచ్చ, నలుపు, పసుపు రంగుల్లో నూగులాంటి బూజు

బూజు పట్టిన ముక్కను కడిగితే, ఎండబెడితే, మరిగిస్తే సరిపోతుందని చెప్పేవారి మాట వినవద్దు. బూజు పోయినా అది వదిలిన విషపదార్థాలు వేడికి పోకపోవచ్చు. ఫు ఇటుకల్లో కావాలని పెంచే పసుపు చుక్కల్ని బంగారు పూలు అంటారు, అవి వేరు. కానీ మామూలు పు-ఎర్ బిళ్ళ మీద పసుపు నూగు చూపించి "ఇవి కూడా బంగారు పూలే" అంటే నేనైతే కొనను.

## 6. బిళ్ళను విడదీయడం

ఈ పనిలో చెడిపోయేవి ఆకులే కాదు, వేళ్ళు కూడా. వరుస తప్పవద్దు.

1. పళ్ళెంలో మడత తువ్వాలు పరచి, దాని మీద బిళ్ళ పెట్టండి.
2. సూదిని పైనుంచి గుచ్చవద్దు. అంచున, పొరల మధ్య అడ్డంగా దింపండి.
3. బిళ్ళను పట్టుకున్న చెయ్యి సూది మొనకు ఎదురుగా ఎప్పుడూ ఉండకూడదు.
4. కొద్దిగా దిగాక మొనను మెల్లగా పైకి లేపండి. పొర విడుతుంది. విడకపోతే రెండు వేళ్ళ దూరంలో మళ్ళీ దింపండి.
5. వచ్చిన రేకుల్ని ఒకవైపు, పొడిని మరొకవైపు వేయండి.

షియాగ్వాన్ గూడు ఆకారపు బిళ్ళలు రాయిలా ఉంటాయి. సుత్తితో కొట్టినా, మైక్రోవేవ్‌లో పెట్టినా పొడి తప్ప మిగలదు. వాటికి ఓపికే పనిముట్టు.

విడదీసిన ముక్కల్ని వెంటనే తాగకుండా మూత ఉన్న జాడీలో రెండు వారాలు ఉంచితే పైకి వచ్చే మూసుకుపోయిన వాసన తగ్గుతుంది. జాడీ కొత్తది కావాలి. ఒక్క వేసవి ఆవకాయ ఉన్న జాడీని ఎన్నిసార్లు తోమినా అది ఆవకాయ జాడీయే.

## 7. కాచే క్రమం

పాలు, చక్కెర, అల్లం ఇక్కడ లేవు. మరిగించి డికాక్షన్ తీసే పద్ధతి కూడా చివరి మెట్టులో మాత్రమే వస్తుంది.

1. నీరు. బోరు నీళ్ళలోని సున్నం రసాన్ని మొద్దుగా, మసకగా చేస్తుంది. ఖనిజాలన్నీ తీసేసిన ఆర్వో నీరు చప్పగా ఉంటుంది. మధ్యస్థంగా ఉండే తాగునీరు చాలు. దాన్ని కాగనిచ్చి, బుడగలు వస్తుండగానే వాడండి.
2. వేడి. ఖాళీ గైవాన్‌లో వేడినీళ్ళు పోసి, తిప్పి, పారబోయండి.
3. కొలత. 110 మిల్లీలీటర్లకు 7 గ్రాములు. ఆకు వేసి మూతపెట్టి, అర నిమిషం తరువాత వాసన చూడండి. వేడికి పైకి లేచే ఈ వాసన, ఐదో భాగంలో పొడి ఆకును చూసినప్పుడు దాగిన తప్పుల్ని బయటపెడుతుంది.
4. కడుగు. నిండా నీళ్ళు పోసి, ఐదు సెకన్లలో వంచేసి పారబోయండి. గట్టి ముక్క అయినా, గోదాము వాసన ఉన్నా రెండుసార్లు చేయండి. తరువాత మూతపెట్టి ఒక నిమిషం ఆగండి; ఆకు లోపలికి ఆవిరి పడుతుంది.
5. మొదటి నాలుగు విడతలు. అవే ఆకుల మీద నీళ్ళు పోసి వంచే ప్రతిసారీ ఒక విడత. ఒక్కొక్కటి 5 నుంచి 10 సెకన్లు. పూర్తిగా వంచేయండి, అడుగున రసం మిగిలితే తరువాతి విడత చేదెక్కుతుంది.
6. ఐదు నుంచి పది. ప్రతి విడతకూ 5 సెకన్లు పెంచండి.
7. ఆ తరువాత. అర నిమిషం, ఒక నిమిషం, మూడు నిమిషాలు. మంచి పాత షెంగ్ పన్నెండు, పదిహేను విడతల వరకు వస్తుంది.
8. చివరగా. రసం పలచబడ్డాక ఆకుల్ని గిన్నెలో వేసి, అర లీటరు నీళ్ళతో పది నిమిషాలు సన్నని సెగ మీద మరిగించండి. ఈ చివరి కషాయంలో వచ్చే తీపి గైవాన్‌లో దొరకదు.

ఆఫీసుకు తీసుకెళ్ళేవారు అర లీటరు ఫ్లాస్కులో 3 గ్రాముల షౌ లేదా బాగా పాత షెంగ్ వేసి, ఒకసారి కడిగి, మరిగే నీళ్ళు నింపి రెండు గంటలు వదిలేస్తే చాలు. లేత షెంగ్‌కు ఈ పద్ధతి వాడవద్దు, గరళమవుతుంది.

పాతబడినంత మాత్రాన ఇందులో కెఫీన్ మాయమైపోదు. రాత్రి నిద్ర పట్టనివారు సాయంత్రానికి ముందే ముగించుకోవాలి.

## 8. రసంలోనూ, ఆకులోనూ వయసు చూడటం

మొదటిసారి కాచేటప్పుడు రుచి గురించి గొప్ప మాటలు వెతుక్కోకుండా, నాలుగు విషయాలు మాత్రం నోటుపుస్తకంలో రాసుకోండి.

రసం స్పష్టత. గాజు పాత్రను కిటికీకి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు అవతలి నుంచి చక్కగా రావాలి. పాత షెంగ్ రసం ఎంత ఎరుపైనా తేటగా ఉంటుంది. మూడవ విడత తరువాత కూడా మసకగా ఉంటే నిల్వలో ఏదో జరిగింది.

గొంతు. మింగిన తరువాత గొంతు చల్లగా, తడిగా ఉందా, ఎండి గీరుతోందా? వాసనను కప్పిపుచ్చవచ్చు గానీ ఈ గీరను కప్పిపుచ్చడం కష్టం.

మారు తీపి. చైనావారు హుయ్ గన్ అనే దాన్ని మనం చిన్నప్పటి నుంచి ఎరుగుదుం: ఉసిరికాయ నమిలి, మీద మంచినీళ్ళు తాగినప్పుడు నాలుక వెనుక నుంచి ఊరే తీపి అది. మంచి షెంగ్‌లో వగరు తగ్గినకొద్దీ ఈ తీపి త్వరగా వస్తుంది, ఎక్కువసేపు ఉంటుంది. సేకర్తలు ఒక బిళ్ళ కోసం పదేళ్ళు ఆగడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. రంగు, వాసన దీని తరువాతే.

కాచిన ఆకు. అన్నీ అయ్యాక ఆకుల్ని తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి పరచండి. ఒక ఆకును వేలితో రుద్దండి. సరిగ్గా పాతబడిన షెంగ్ ఆకు గోధుమ లేదా ఎర్రగోధుమ రంగులో ఉండి, విచ్చుకుని, లాగితే కొద్దిగా సాగుతుంది. షౌ ఆకు ముదురుగా ఉండి, నలిపితే మెత్తగా ముద్దవుతుంది. అతి తేమలో మాడిపోయిన ఆకు బొగ్గులా నల్లబడి, ఎంత కాచినా ముడుచుకునే ఉంటుంది. ముప్పై ఏళ్ళ షెంగ్ అని కొన్న దాంట్లో పళ్ళెం నిండా ఈ రెండో, మూడో రకం ఆకులే కనబడితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

## 9. ఇంట్లో నిల్వ

టీని ఒకచోట పెట్టి మరచిపోవడమే నిల్వ అనుకుంటారు. పాత బియ్యం విషయంలో అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఎండిపోతే ఆకు మారడం ఆగిపోతుంది, తేమ మించితే బూజు పడుతుంది, పక్కన వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటుంది.

మూడవ ప్రమాదమే నన్ను దెబ్బతీసింది. మొదట కొన్న రెండు షెంగ్ బిళ్ళలను చీకటిగా, చల్లగా ఉంటుందని బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. నాలుగు నెలల తరువాత ఇంటికి వచ్చిన మిత్రుడికి కాచి ఇచ్చి, పాత షెంగ్‌లో కర్పూరపు ఛాయ వస్తుందని చదివి ఉన్నాను కనుక, "చూశావా, కర్పూరం అప్పుడే మొదలైంది" అన్నాను. ఆయన రెండో గుక్క తాగకుండానే "ఇది కలరా ఉండల వాసన" అన్నాడు. ఏడాదిపాటు గాలికి పెట్టినా పోలేదు. చివరికి రెండు బిళ్ళలూ కుండీలో మట్టిపాలయ్యాయి.

లక్ష్యం. గాలిలో తేమ 60 నుంచి 65 శాతం, ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీలు. తేమ 55కు తగ్గితే ప్రమాదం లేదు, మార్పు మందగిస్తుంది. 70 దాటితే ప్రతి వారం చూసుకోవాలి. 75 దాటితే బూజుకు తలుపు తీసినట్టే.

మీటరును నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగైదు చుక్కల నీళ్ళతో తడి ఇసుకలా చేయండి. కరిగి నీరు కాకూడదు. మూతనూ మీటరునూ గాలి చొరని జిప్ సంచిలో పెట్టి ఒక పూర్తి రోజు వదిలేయండి. మీటరు 75 చూపాలి. 71 చూపిస్తే ఆ మీటరు చెప్పేదానికి ఎప్పుడూ 4 కలుపుకోండి. ఆ అంకెను దాని వెనకాలే రాసి అంటించండి.

పెట్టె తయారీ.

1. ఆహారానికి వాడదగిన ప్లాస్టిక్ డబ్బా గానీ, పిక్నిక్‌లకు వాడే ఐస్ పెట్టె గానీ తీసుకోండి. కొత్త ప్లైవుడ్, వార్నిష్ చెక్క వద్దు.
2. వేడినీళ్ళతో కడిగి, తుడిచి, మూత తీసి కొన్ని రోజులు గాలికి ఆరనివ్వండి.
3. ఖాళీ పెట్టెను ఒక రోజు మూసి ఉంచి, తెరిచి, వెంటనే తల దించి వాసన చూడండి. ఏ వాసన తగిలినా మళ్ళీ రెండో మెట్టుకు వెళ్ళండి.
4. బిళ్ళల్ని కాగితపు కవరుతోనే నిలువుగానో, ఒకదాని మీద ఒకటిగానో వదులుగా పేర్చండి. షెంగ్‌కు ఒక పెట్టె, షౌకు వేరే పెట్టె.
5. తేమను రెండువైపులా సర్దే 65 శాతం ప్యాకెట్లను, వాటి మీద రాసిన కొలత ప్రకారం, ఆకుకు తగలకుండా పక్కన పెట్టండి.
6. మీటరును మధ్యలో ఉంచి మూతపెట్టండి.
7. రెండు వారాలపాటు ఏమీ మార్చవద్దు. ఎండి వచ్చిన బిళ్ళ ముందు తేమను తానే తాగుతుంది కనుక మీటరు మొదట్లో తక్కువే చూపుతుంది. ఇక్కడ తొందరపడి తడి స్పాంజి పెట్టినవారే మూడో వారంలో బూజు చూస్తారు.

ఊరిని బట్టి మార్పులు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నపు గాలి ఎముకలా ఎండి ఉంటుంది. పెట్టె లేకుండా అల్మరాలో ఉంచిన టీ ఆ మూడు నెలలూ నిద్రపోతుంది, వాసన పలచబడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో సమస్య తలకిందులు. అక్కడ వర్షాకాలంలో ప్యాకెట్లు వాడినా మూత బిగుతుగా ఉండాలి, పెట్టెను బయటి గోడకు ఆనించకూడదు. అమెరికా ఉత్తరాది ఇళ్ళలో చలికాలపు హీటరు మన వేసవికంటే ఎక్కువ ఎండబెడుతుంది, కనుక అక్కడ పెట్టె తప్పనిసరి.

పెట్టె పెట్టకూడని చోట్లు:

- వంటిల్లు, దాని పక్క గది: ఇంగువ, తాలింపు
- పూజగది: అగరుబత్తి, సాంబ్రాణి
- బీరువా: ఎందుకో పైన చెప్పాను
- అటక, డాబా కింది గది: వేసవి వేడి
- నేల మీద: తేమ, చీమలు
- ఫ్రిజ్: చల్లదనం మార్పును ఆపేస్తుంది, వాసనలు పట్టిస్తుంది

నెలవారీ పని. నెలకోసారి మూత తీసి పది నిమిషాలు గాలి మారనివ్వండి. మీటరు అంకెలు, వాసన ఒక వాక్యంలో రాసుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి బిళ్ళ వెనుక గుంటలో టార్చి వేసి చూడండి. బూజు ముందు కనబడేది ఆ మూలలోనే.

## 10. తరచు జరిగే తప్పులు, వాటి సవరణలు

తేమ 70 దాటింది. ప్యాకెట్లు తీసేయండి. గుడ్డ సంచిలో కట్టిన సిలికా జెల్‌ను ఒక రోజు మాత్రమే ఉంచి తీసేయండి. బిళ్ళను ఎండలో పెట్టవద్దు. బూజు రాకుండా ఆగుతుందేమో గానీ రుచి పాడవుతుంది.

గోదాము వాసన పోవడం లేదు. బిళ్ళలో మూడో వంతు విడదీసి, జాడీలో వేసి, మూతి మీద పలచని గుడ్డ కట్టి, పొడి గదిలో రెండు నెలలు ఉంచండి. కాచేటప్పుడు రెండు కడుగులు చేయండి. అప్పటికీ ఉంటే అది నిల్వ దోషమే, ఓపికతో పోయేది కాదు.

రసం భరించలేనంత చేదుగా ఉంది. ముందు కొలత తూచి చూడండి. కంటి లెక్కలో 7 గ్రాములనుకున్నది తరచు 10 ఉంటుంది. తరువాత సమయం తగ్గించండి. నీటి వేడిని చివరగా మార్చండి.

రసం చప్పగా ఉంది. బాగా ఎండిన చోటి నుంచి వచ్చిన బిళ్ళ అయితే నిల్వ పెట్టెలో నెల, నెలన్నర ఉంచి మళ్ళీ కాచండి. ప్రయాణం చేసి వచ్చిన టీ ఏదైనా దిగిన రోజున తన రుచి చూపదు. ఆ రోజు తాగి అమ్మినవారికి ఫిర్యాదు రాసిన తొందరపాటు నాదీ ఉంది. ఆరు వారాల తరువాత క్షమాపణ రాయవలసి వచ్చింది.

సగం బిళ్ళను ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి పెట్టారు. తీసి, కాగితంలోకి మార్చండి. షెంగ్‌కు కొంత గాలి ఆడాలి.

మారిందో లేదో తెలియడం లేదు. కొన్న రోజున బిళ్ళ నుంచి 15 గ్రాములు తీసి, గాలి చొరని అల్యూమినియం రేకు సంచిలో మూసి, తేదీ రాసి విడిగా పెట్టండి. రెండేళ్ళ తరువాత పెట్టెలోని టీనీ, సంచిలోని టీనీ ఒకే కొలతతో, ఒకే నీళ్ళతో, రెండు గైవాన్లలో పక్కపక్కన కాచండి. సంచిలోది తక్కువ మారి ఉంటుంది. ఆ రెండు కప్పుల మధ్య తేడాయే మీ ఇల్లు ఆ టీకి చేసినది.